ఏం లేదు, రాజలింగన్నా

రాజలింగు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఇరవై రెండేళ్లపాటు ఒక్క పని తప్ప మరే పనీ చేయలేదు. వాటితో అతను సున్నం ముట్టలేదు, గొడ్డలి పట్టలేదు. భార్య సాయవ్వ రోజంతా బీడీలు చుడుతుంటే ఒక్క ఆకు కత్తిరించి ఇచ్చిన పాపాన పోలేదు. బోధన్‌లో వాళ్ల వాడకట్టులో మగవాళ్లు కూడా పని నుంచి వచ్చాక చాట ఒళ్లో పెట్టుకుని నాలుగు కట్టలు చుట్టేవాళ్లు. రాజలింగు మాత్రం గడప పక్కన చేతులు ముడుచుకుని కూర్చునేవాడు. "మా ఇంటాయనది నవాబు చెయ్యి. దానికి పని చెప్తె కందిపోతది" అని సాయవ్వ నలుగురిలో ఎగతాళి చేసేది. అతను నవ్వేవాడు.

ఆ వేళ్లు చేసిన ఒక్క పని చక్కెర పాకాన్ని ముట్టి చూడటం.

బోధన్‌కు కొద్ది దూరంలో, చెరుకు తోటల నడుమ ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. పేరు చెప్పను. ఇప్పుడది లేదు, చెప్పి లాభమూ లేదు. నేను 1984లో అక్కడ ల్యాబ్ కెమిస్టుగా చేరాను. నా పేరు బాలనర్సయ్య, సొంతూరు నిజామాబాద్. నేను చేరేనాటికే రాజలింగు అక్కడ పాన్‌మ్యాన్. నాకంటే పదేళ్లు పెద్ద. నేను రాజలింగన్నా అనేవాణ్ని, అతను సారూ అనేవాడు.

పాన్ అంటే రెండు నిలువుల ఎత్తున్న మూసిన ఇనుప పాత్ర. లోపల చెరుకు రసం చిక్కబడి చిక్కబడి, ఒక సమయాన కనపడీ కనపడని గింజలు పుడతాయి. వాటిని మేం గ్రెయిన్ అంటాం. ఆ గింజలకు కొద్దికొద్దిగా పాకం పట్టి పెంచాలి. తొందరపడితే మధ్యలో కొత్తగా సన్న గింజలు పుట్టుకొచ్చి పాన్ అంతా పిండి పిండి అవుతుంది. ఇత్తడి కడ్డీతో లోపలి పాకం చుక్క బయటికి తీసి, గాజు ముక్క మీద రాసి, బల్బు వెలుగుకు పట్టి చూసి, రెండు వేళ్ల మధ్య నలిపి, ఇంకా పట్టాలా, ఆగాలా, దించాలా తేల్చేవాడే పాన్‌మ్యాన్. అదే పాకానికి నా ల్యాబులో నాలుగు రకాల పరీక్షలు చేసేవాళ్లం. ఫలితం చేతికొచ్చేసరికి పాన్ దింపేసి, కడిగేసి, మళ్లీ నింపడం మొదలుపెట్టేవారు. నా అంకెలు రిజిస్టరుకు తప్ప మరెవరికీ అక్కరకు రావని చేరిన నెలలోనే తెలిసింది. ఒప్పుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది.

రాజలింగుది ముప్కాల్ దగ్గరి పల్లె. 1972లో పని వెతుక్కుంటూ ఇటు వచ్చి, భూమన్న అనే ముసలి పాన్‌మ్యాన్ కింద చేరాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారట. మొదటి సీజన్ అంతా, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, ఉస్తాద్ అతనితో గాజు ముక్కలు తుడిపించాడు. పాకం అంటిన ముక్కను వేడినీళ్లలో ముంచడం, పాత ధోవతి గుడ్డతో తుడవడం, అందివ్వడం. అంతే. రెండో సీజన్‌లో చూడనిచ్చాడు, ముట్టనివ్వలేదు. మూడో సీజన్‌లో ముట్టనిచ్చాడు, వాల్వు తిప్పనివ్వలేదు. అతనితోపాటు చేరిన ముగ్గురు మొదటి సీజన్‌కే విసిగిపోయి, ఒకరు మిల్లు దగ్గరికి, ఒకరు బాయిలర్ దగ్గరికి, ఒకరు లారీ మీదికి పోయారు.

"ఉస్తాద్ నాకొక్కటే చెప్పిండు సారూ" అని రాజలింగు ఒకసారి నాతో అన్నాడు. "పాన్ కాడ నిలబడ్డంక ఇంకో దిక్కు సూడకు. మీటర్ దిక్కు సూడకు, గడియారం దిక్కు సూడకు. కన్ను నాలుగు దిక్కుల తిరిగితె ఏలు మొద్దువడ్తది అన్నడు. నేను గట్లనే ఉన్న."

చిక్కేమిటంటే అతను ఆ మాటను పాన్ దగ్గర వదిలేసి ఇంటికి పోలేదు. ఏడో తరగతి దాకా చదివినవాడే, తెలుగు బాగానే చదవగలడు. అయినా పేపరు ముట్టేవాడు కాదు. టీ కొట్టు దగ్గర ఎన్నికల గురించి అందరూ అరుచుకుంటుంటే టీ తాగి లేచిపోయేవాడు. రేషన్ కార్డు, ఓటరు చీటీ, కరెంటు బిల్లు అన్నీ సాయవ్వ చూసుకునేది. ఫ్యాక్టరీ గేటు లోపల నోటీసు బోర్డు ఉండేది. దాని పక్కనుంచే మెట్లెక్కి పాన్ దగ్గరికి పోవాలి. తలెత్తకుండా పోయేవాడు.

ఇక నా సంగతి. నాకు చదువు పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. రెండు తెలుగు పేపర్లు, మధ్యాహ్నం బస్సుకు వచ్చే ఇంగ్లిషు పేపరు, వారపత్రికలు, ఉద్యోగ వార్తలు, పకోడీ పొట్లం కట్టిన కాగితం, ఏదీ వదిలేవాణ్ని కాదు. జేబులో ఎప్పుడూ ఎర్ర బాల్‌పెన్ ఉండేది. ముఖ్యమనుకున్న వాక్యం కింద గీత కొట్టేవాణ్ని. గీత కొడితే అది నా తలలోకి పోయినట్టేనని నా నమ్మకం. కరస్పాండెన్సులో రెండు డిగ్రీలు మొదలుపెట్టి రెండూ మధ్యలో వదిలేశాను. తర్వాత హోమియోపతి, జ్యోతిషం, ఫొటోగ్రఫీ. కార్మికులు నన్ను పేపర్ సారు అనేవారు. అందులో మెచ్చుకోలెంతో వెక్కిరింపెంతో నాకు తెలియదు. నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

1986లో ఒక పొద్దున నా అంకెలు పట్టుకుని పాన్ దగ్గరికి పోయాను. రాజలింగు గాజు ముక్కను బల్బుకు పట్టి చూస్తున్నాడు. "జెర పక్కకు జరుగుండ్రి సారూ, ఎలుగు అడ్డమొస్తున్నది" అన్నాడు. జరిగాను. వేళ్ల మధ్య నలిపాడు, వాల్వు మూశాడు. రెంచీతో గొట్టం మీద మూడుసార్లు కొట్టాడు. పాన్ దించుతున్నానని కిందివాళ్లకు అది గుర్తు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు గా బోర్డు మీదిదంత సదువుతరట గద?"

"చదువుతాను."

"నాకు సంబంధించింది ఏదన్న ఉంటె ఒక్క మాట చెప్పుండ్రి. లేకుంటె లేదనుండ్రి. నాకు గంతె సాలు."

నా చదువుకు ఒక ఉపయోగం దొరికినందుకు ఆ రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. మా ఇద్దరికీ ఒకే షిఫ్టు పడేది. షిఫ్టు ఎక్కేముందు నేను బోర్డు దగ్గర నిలబడేవాణ్ని. అతను సైకిలు పెట్టి వచ్చి నా పక్కన ఒక్క క్షణం ఆగేవాడు. "ఏం లేదు, రాజలింగన్నా" అనేవాణ్ని. తల ఊపి మెట్లెక్కేవాడు. ఎప్పుడో ఏడాదికి రెండు మూడుసార్లు ఏదైనా ఉండేది. బోనస్ తేదీ, సెలవు మార్పు, కంటి పరీక్ష. చెప్పేవాణ్ని. పన్నెండేళ్లు ఇలాగే గడిచింది. పోనుపోనూ "ఏం లేదు" అన్నది మా మధ్య దండం పెట్టుకోవడం లాంటిదైపోయింది. ఎదురుపడితే నోటి నుంచి అదే వచ్చేది. ఒకసారి నిజామాబాద్ బస్టాండులో కనిపిస్తే అక్కడా అదే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

1997లో ఫ్యాక్టరీకి నాణ్యత కింద ఇచ్చే ఐఎస్ఓ సర్టిఫికెట్ కావాలని పైవాళ్లకు బుద్ధి పుట్టింది. అక్కడి నుంచి కాగితాల వాన. ఏ పని ఎలా చేయాలో పుస్తకాలు, ఆ పుస్తకాలు ఎలా చదవాలో ఇంకో పుస్తకం, చదివినట్టు సంతకం చేయడానికి ఒక షీటు. రోజుకు పది పన్నెండు సర్క్యులర్లు. నోటీసు బోర్డు మీద కాగితం మీద కాగితం గుచ్చి, చివరికి గుండుసూది దిగని పరిస్థితి వచ్చింది. స్టాఫ్‌లో చాలామంది చదవకుండానే సంతకాలు గీకేవారు. నేను మాత్రం చదివేవాణ్ని, గీతలు కొట్టేవాణ్ని. పైగా ఆ ఏడాదే క్వార్టర్లకు కేబుల్ టీవీ వచ్చింది. ఆదివారాలు నిజామాబాద్ పోయి కంప్యూటర్ క్లాసులో కూర్చునేవాణ్ని. తల నిండా ఏదో ఒకటి కదులుతూనే ఉండేది. నాకు అది తెలివి అనిపించేది.

1998 ఫిబ్రవరిలో, మార్చిలో కూడా నేను రోజూ "ఏం లేదు, రాజలింగన్నా" అన్నాను.

నవంబరులో కొత్త సీజన్ మొదలైన రోజు రాజలింగు ల్యాబులోకి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. తలుపు దగ్గరే నిలబడి, నా బల్ల మీది సీసాల వంక చూస్తూ అన్నాడు.

"సారూ, నా డ్యూటీ ప్యాకింగ్ల పడ్డదట. మన ఫ్యాక్టరీల ఇంకో రాజలింగు ఉన్నడా?"

"లేడు. ఏదో పొరపాటయి ఉంటుంది. నేను చూసొస్తా, కూర్చో" అన్నాను. అతను కూర్చోలేదు.

హాజరు, డ్యూటీలు రాసే టైమాఫీసులో గుమాస్తా ఆత్మారాం అల్మారా తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులోంచి ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఫిబ్రవరి సర్క్యులర్. ఒక కాపీ బోర్డుకు పెట్టి, ఈ కాపీ స్టాఫ్ సంతకాల కోసం తిప్పారట. ఐఎస్ఓ నిబంధన ప్రకారం పాన్‌మ్యాన్ పని చేసేవాళ్లందరికీ ప్రాక్టికల్ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఫలానా తేదీ లోపల దరఖాస్తు చేసుకోవాలి. సర్టిఫికెట్ లేనివాళ్లకు వచ్చే సీజన్ నుంచి పాన్ డ్యూటీ ఉండదు. పోస్టులు నాలుగు. ఆ పని చేసేవాళ్లు ఐదుగురు. నలుగురు దరఖాస్తు చేసుకున్నారు. అయిదో మనిషికి ఆ నలుగురిలో ఎవరూ చెప్పలేదు. పరీక్ష మార్చి ఆఖర్లో జరిగింది. ఆ వారం నేను కంప్యూటర్ పరీక్ష రాయడానికి సెలవు పెట్టి నిజామాబాద్‌లో ఉన్నాను. రాజలింగు పొద్దున షిఫ్టులో గ్రెయిన్ కట్టి అప్పజెప్పిపోయిన పాన్ మీదనే మధ్యాహ్నం ఆ నలుగురికీ పరీక్ష పెట్టారని ఆత్మారాం చెప్పాడు.

"ఈ కాగితం ల్యాబుకు రాలేదు" అన్నాను నేను.

ఆత్మారాం రెండో పేజీ తిప్పాడు. చదివినట్టు సంతకాలు చేసే షీటు. ఏడో సంతకం నాది, తేదీతో సహా. మొదటి పేజీకి మళ్లీ తిప్పాడు. దరఖాస్తు గడువు తేదీ కింద ఎర్రగీత. స్కేలు పెట్టి కొట్టినంత తిన్నగా ఉంది. ఫ్యాక్టరీ మొత్తంలో ఎర్ర బాల్‌పెన్‌తో అలా గీతలు కొట్టేది నేనొక్కణ్నే.

ఆ కాగితం చదివిన జ్ఞాపకం నాకు లేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆ రోజు పేపర్లో చదివిన ఎక్కడిదో విమాన ప్రమాదం గుర్తుంది. ఇది మాత్రం గుర్తుకు రాలేదు. భయం వేస్తుందనుకున్నాను, సిగ్గు వేస్తుందనుకున్నాను. ఏదీ రాలేదు. పన్ను పీకేముందు సూది పొడిచిన దవడలా ఉంది లోపలంతా. ఆత్మారాం ఫైలు మూసి అల్మారాలో పెట్టేశాడు. నా మొహం చూసి, "సార్, నేనైతె ఎవరికి చెప్ప" అన్నాడు.

ల్యాబుకు తిరిగొచ్చేసరికి రాజలింగు నేను వదిలిపోయిన చోటే నిలబడి ఉన్నాడు.

"ఏదో పరీక్ష పెట్టారట. నోటీసు బోర్డుకు పెట్టనే లేదట. వాళ్ల తప్పు, నేను మాట్లాడతా" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. "సరె సారూ" అని ప్యాకింగ్ వైపు పోయాడు.

మాట్లాడాను, నిజమే. నాకు చేతనైన పద్ధతిలో. అర్జీలు రాశాను. పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, ఇరవై రెండేళ్లలో ఎవరి షిఫ్టులో ఎంత సన్న చక్కెర వచ్చిందో పట్టికలు తయారు చేశాను. కంప్యూటర్‌లో టైపు చేయించి, బైండు చేయించి మేనేజరుకు ఇచ్చాను. మేనేజరు కొత్తవాడు, మర్యాదస్థుడు. పేజీలు తిప్పి, "చాలా బాగా చేశారు" అన్నాడు. పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడితే అప్పుడు మీవాణ్ని రాయమనండి అన్నాడు. ఆ పరీక్ష మళ్లీ పెట్టలేదు. రెండో ఏడాది ఇంకో అర్జీ తీసుకుని సంతకం కోసం పోతే రాజలింగు సంతకం పెట్టలేదు. "ఇగ సాలు సారూ. కాగితాలతోని కాగితాలే పుడుతున్నయ్" అన్నాడు.

ప్యాకింగ్‌లో అతని పని నిండిన బస్తాల మూతి కుట్టడం. దబ్బనం, సుతిలి తాడు. కుట్టేముందు ప్రతి బస్తాలోంచి చిటికెడు చక్కెర తీసి అరచేతిలో పరుచుకునేవాడు. నేను ఇంటికి పోతూ రోజూ అక్కడ ఆగడం మొదలుపెట్టాను. ఎందుకు ఆగేవాణ్నో అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒకరోజు అతను అరచేయి చూస్తూ తనలో తాను అన్నట్టు అన్నాడు. "రాత్రి దించిన పాన్‌ది గిది. గ్రెయిన్ కట్టినంక ఎవడో పక్కకు పోయిండు. సూడుండ్రి, పెద్ద గింజల నడుమ సన్నయి."

చూశాను. నాకు చక్కెర కనిపించింది.

"నాకు నేర్పుతావా?" అని అడిగాను.

"మీకెందుకు సారూ?"

నేను అరచేయి చాపాను. అతను అందులో చిటికెడు చక్కెర వేశాడు. "సరె. రోజుకొక్క సంచి సూడుండ్రి. రెండోది సూడకుండ్రి."

అదే నియమం. ఒక చిటికెడు, ఒకసారి. పుస్తకం ఉందా అని అడిగితే లేదన్నాడు. నోటు రాసుకుంటానంటే వద్దన్నాడు. మొదటి నెలంతా నాకు విసుగు, చేతులు ఎర్ర పెన్ను కోసం తడుముకునేవి. రెండో నెలలో గింజల అంచులు కనిపించడం మొదలైంది. సీజన్ చివరికి ఒక చిటికెడులో రెండు వయసుల గింజలున్నాయని చూడగలిగాను. ఆ రోజు నాకు చాలా సంతోషం కలగాల్సింది. కానీ ఎదురుగా అతని వేళ్లు కనిపించాయి. సుతిలి ఒరుసుకుని బొటనవేలి చర్మం చీలి, గట్టిపడి, పసుపుపచ్చగా ఉంది. నేను నేర్చుకుంటున్నదాన్ని అతని చెయ్యి పోగొట్టుకుంటోంది. ఆ మాట నాకు ఆ రోజే స్పష్టంగా తెలిసింది, అయినా రేపు ఎన్నో బస్తా చూడాలా అని అడిగి ఇంటికి పోయాను.

2000 ఏప్రిల్‌లో, సీజన్ అయిపోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం బోధన్‌లో వాళ్లింటికి పోయాను. రాజలింగు గడప పక్కన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చాట ఉంది. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. బొటనవేలు, చూపుడువేలితో ఆకును చుట్టి, మూతి మడిచి, దారం తిప్పుతున్నాడు. పక్కన సాయవ్వ కూడా చుడుతోంది. అతని బీడీ వంకరగా వస్తే ఆమె తీసుకుని సరిచేసి మళ్లీ చాటలో వేస్తోంది. నన్ను చూసి లేవబోయాడు. ఒళ్లో చాట ఉంది కదా, లేవలేకపోయాడు.

నేను నిలబడే చెప్పేశాను. నోటీసు బోర్డుకు పెట్టారని, నేను చదివానని, సంతకం పెట్టానని, ఎర్రగీత కూడా కొట్టానని, ఆ రోజు పొద్దున కూడా ఏం లేదనే చెప్పానని. ఏడాదిన్నరగా అబద్ధం ఆడుతున్నానని. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదో సర్క్యులర్ చదువుతున్నట్టు వినిపించింది.

సాయవ్వ చేతిలో దారం ఆగిపోయింది. "ఎర్రగీత గొట్టి మరీ మర్సినవా సారూ?" అంది. నేను తల దించుకున్నాను. "మా ఆయన ఇరువై రెండేండ్లు ఒక్క పని కోసం ఇంట్ల పుల్ల ఇటుదటు పెట్టలే. నేను ఒక్క మాట అనలే. నీకు యాది లేకపాయె?" ఆమె దారం అక్కడే పడేసింది. లేచి లోపలికి పోయింది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది.

రాజలింగు చేతిలోని బీడీకి దారం కట్టడం పూర్తిచేసి చాటలో పెట్టాడు.

"నాకెరుకనే సారూ" అన్నాడు.

"ఆత్మారాం చెప్పాడా?"

"లేదు. ఎవలు చెప్పలే. గా పొద్దు మెట్లెక్కుతుంటె గాలికి ఒక కాగితం లేసింది. ఎప్పుడు సూడనోణ్ని, కండ్లు వడ్డయ్. పాన్‌మ్యాన్ అని పెద్ద అచ్చరాలు ఉన్నయ్. ఒక మెట్టు కిందికి దిగిన గుడ." అతను చాటలోని ఆకులు సర్దాడు. "మల్ల అనుకున్న, సారు ఇప్పుడే లేదన్నడు గద. పన్నెండేండ్లల్ల ఒక్కసారి తప్పు చెప్పలే. నా కన్నే తప్పు సూసిందేమొ. ఎక్కిపోయిన."

 ఎండ నడినెత్తి మీదుంది. కాళ్ల కింద నేల కాలుతున్నట్టు తెలుస్తోంది, కానీ వేడి లోపలికి ఎక్కడం లేదు. అతను నన్ను తిడితే బాగుండుననిపించింది. ఒళ్లోని చాట నా మీదికి విసిరితే ఇంకా బాగుండేది.

"కూసోండ్రి సారూ. సాయవ్వా, సారుకు మంచినీళ్లు తే" అన్నాడు. ఆమె చాలాసేపటికి తెచ్చింది. చెంబు నా చేతికి ఇవ్వలేదు, పక్కన పెట్టింది. తాగాను.

బయల్దేరేటప్పుడు, "ఇక నుంచి నోటీసులు ఇంకెవరినైనా అడుగు, రాజలింగన్నా" అన్నాను.

"ఎందుకు? మీరే చెప్పుండ్రి" అన్నాడు అతను. ఇంకో ఆకు తీసుకుని వేళ్ల మధ్య తడి చూశాడు. "కని అన్ని సదువకుండ్రి సారూ. నాదొక్కటి సదువుండ్రి."

ఆ నెల నుంచే పేపర్లు మానేశాను. అదేదో గొప్ప నిర్ణయమని చెప్పుకోను. చదవబోతే అక్షరాలు కంటి దగ్గరే ఆగిపోయేవి. కేబుల్ తీయించేశాను. ఎర్ర పెన్ను ఎక్కడో పోయింది, కొత్తది కొనలేదు. పేపర్ సారుకు ఏమైందని కార్మికులు కొన్నాళ్లు అడిగి మానేశారు. షిఫ్టు మొదలవడానికి ముందు బోర్డు దగ్గరికి మాత్రం పోయేవాణ్ని. ఒక్కో కాగితం పైనుంచి కింది దాకా, వేలు పెట్టి, అతని పేరు ఉందా లేదా అని ఆ ఒక్కటే చూసేవాణ్ని. మిగతాదేమిటో నాకు తెలిసేది కాదు. రెండుసార్లు చూసి, అప్పుడు చెప్పేవాణ్ని. రాజలింగు పాత చోటే ఆగేవాడు. తల ఊపి, మెట్ల వైపు కాకుండా ప్యాకింగ్ వైపు తిరిగేవాడు.

2003 సీజన్ సగంలో చెరుకు చాలక మిల్లు ఆగి ఆగి నడిచింది. పైవాళ్లు ఏదో తేల్చేస్తారని అందరూ అనుకుంటున్నారు. రోజుకో వార్త, పూటకో పుకారు. ఏ పేపర్లో ఏం రాశారో చెప్పమని జనం నా చుట్టూ చేరేవారు. నాకేం తెలియదంటే నమ్మేవారు కాదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున బోర్డు మీద ఒకే ఒక్క కాగితం ఉంది. పాతవన్నీ పీకేసి, దాన్నొక్కదాన్నే నాలుగు మూలలా సూదులు గుచ్చి పెట్టారు. నెలాఖరుతో పని నుంచి తొలగించేవాళ్ల పేర్లు. విభాగాలవారీగా వరుసగా ఉన్నాయి. ల్యాబులో నా పేరు ఉందో లేదో నేను చూడలేదు. ప్యాకింగ్ అన్న చోటికి వేలు తీసుకుపోయాను. మూడో పేరు. ఒకసారి చదివాను, మళ్లీ చదివాను. తండ్రి పేరు, టోకెన్ నంబరు కూడా సరిచూసుకున్నాను.

వెనక సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. రాజలింగు వచ్చి నా పక్కన ఆగాడు. ఎప్పటిలాగే బోర్డు వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. కాగితం ఒక్కటే ఉంది, తలెత్తితే పేరు కనపడుతుంది. అతను తలెత్తలేదు.

నోరు తెరిస్తే పాత మాటే వచ్చేలా ఉంది. పదిహేడేళ్ల అలవాటు. మింగి, మళ్లీ తెరిచాను.

"ఇవాళ ఒకటి ఉంది, రాజలింగన్నా."

"సదువుండ్రి సారూ" అన్నాడు అతను. "నిమ్మలంగ సదువుండ్రి."

చదివాను.